సున్నా వస్తే పుస్తకం లేనట్టేనా?

నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంతమంది లాప్‌టాప్‌లు పట్టుకొని లైబ్రరీకి రావడం చూస్తే నాకు చాలా సంతోషంగా ఉంది. ముందు వరుసల్లో తెలుగు ఎం.ఏ., పీహెచ్‌డీ పిల్లలున్నారు. వెనక లైబ్రరీ సైన్స్ వాళ్లున్నారు. రిటైరైన మాస్టార్లు కూడా ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు. ప్రోగ్రామింగ్ రానివాళ్లు టెన్షన్ పడకండి. డిజిటల్ లైబ్రరీల్లో తెలుగు పుస్తకాలు వెతకడానికి ఇవాళ మనం రాయబోయే స్క్రిప్టు, అంటే కంప్యూటర్‌కు ఇచ్చే ఆదేశాల జాబితా, గట్టిగా ఇరవై లైన్లుంటుంది. అది తెచ్చిన జవాబును ఎంతవరకు నమ్మాలి అన్నదే అసలు సంగతి. నేను ఎక్కువసేపు మాట్లాడేది దాని గురించే.

పాత పద్ధతిలో నడిచే లైబ్రరీలో ఏం చేస్తాం? కార్డు క్యాటలాగు చూసి, స్లిప్పు మీద పుస్తకం పేరు, నంబరు రాసి కౌంటర్లో ఇస్తాం. అటెండరు లోపలికి వెళ్లి ర్యాకులో వెతికి తెస్తాడు. లోపలికి మనకు ప్రవేశం లేదు. స్లిప్పు మీద ఏం రాశామో దాన్ని బట్టే పుస్తకం వస్తుంది. స్కాన్ చేసిన పుస్తకాలు దాచే డిజిటల్ రిపాజిటరీకి ఉండే వెబ్ ఏపీఐ కూడా ఇలాంటి కౌంటరే. కళ్లతో చూసుకోవడానికి బొమ్మలు, బటన్లతో ఒక వెబ్ పేజీ ఉంటుంది. స్క్రిప్టు వచ్చి అడగడానికి వేరే కిటికీ ఉంటుంది. ఆ కిటికీలో స్లిప్పు అంటే ఒక వెబ్ అడ్రసు. అక్కడి నుంచి వచ్చేది జేసన్ అనే వరుసలో పేర్చిన అక్షరాలు: ఫలానా పేరు, దాని ఎదురుగా ఫలానా విలువ.

ఇది తెలుగువాళ్లకు ఎందుకు ముఖ్యమో చెప్తాను. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ రాజ్ రెడ్డిగారు తెలుసు కదా. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నాయన. ఆయన ముందుండి నడిపిన పది లక్షల పుస్తకాల స్కానింగ్ ప్రాజెక్టులో మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ పెద్ద కేంద్రం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో అప్పుడు స్కాన్ చేసిన తెలుగు పుస్తకాల్లో చాలా భాగం ఇవాళ ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ డిజిటల్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిలో ఒకటి తెరిచి చూడండి. చాలావాటికి మొదటి పేజీల్లోనే ఉస్మానియా యూనివర్సిటీ లైబ్రరీ స్లిప్పు కనిపిస్తుంది. కాల్ నంబరు, యాక్సెషన్ నంబరు, కింద ఫలానా తేదీలోగా తిరిగి ఇవ్వాలన్న మాట. ఎవరో ఏనాడో చేత్తో రాసిన అంకెలు కూడా అలాగే ఉంటాయి. నాకు ఆ స్లిప్పు కనిపించినప్పుడల్లా మనసు ఆగిపోతుంది. తార్నాకలో ఒక ర్యాకులో ఉన్న పుస్తకం ఇవాళ ఆదిలాబాద్‌లో ఫోన్ చేతిలో పట్టుకున్న పిల్లవాడికి అందుతోంది. కాకపోతే దాన్ని వెతికి పట్టుకోగలగాలి.

అక్కడే వస్తుంది చిక్కు. అప్పట్లో తెలుగు ముద్రణను చదివి టెక్స్టుగా మార్చే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ ఆర్కైవ్ దగ్గర లేదు. ఆ స్కాన్‌లలో చాలావాటి వివరాల్లో, ఈ భాషకు ప్రస్తుతం ఓసీఆర్ కుదరదు అన్న అర్థంలో ఒక మాట రాసి ఉంటుంది. అంటే పుస్తకం లోపలి మాటలతో వెతకడానికి లేదు. పేరు, రచయిత, భాష, సంవత్సరం అనే నాలుగు గడుల్లో డేటా ఎంట్రీ చేసినవాళ్లు ఏం టైపు చేశారో అదే మనకు ఆధారం. దాన్నే మెటాడేటా అంటున్నాం.

సరే, అడగడం చూద్దాం. అడ్రసు ఇది: ఆర్కైవ్ డాట్ ఆర్గ్, స్లాష్, అడ్వాన్స్‌డ్‌సెర్చ్ డాట్ పీహెచ్‌పీ. తర్వాత ప్రశ్నార్థకం. ఆ గుర్తు దాటాక మన స్లిప్పు మొదలవుతుంది. క్యూ అంటే ప్రశ్న. ఎఫ్ఎల్ అంటే ఏ ఏ గడులు కావాలో. రోస్ అంటే ఒక్కో పేజీకి ఎన్ని, పేజ్ అంటే ఎన్నో పేజీ. అవుట్‌పుట్ జేసన్. ఇంతే. ప్రశ్న దగ్గర టైటిల్ కోలన్ శతకం, అండ్, లాంగ్వేజ్ కోలన్ బ్రాకెట్లో తెలుగు ఆర్ టీఈఎల్ అని రాస్తాం. భాష గడిలో కొందరు తెలుగు అని పూర్తిగా ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు, కొందరు మూడక్షరాల కోడు రాశారు. అందుకే రెండూ అడగాలి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రిక్వెస్ట్స్ అనే రెడీమేడ్ కోడుకు ఈ ముక్కలన్నీ ఒక డిక్షనరీగా, అంటే పేరూ విలువా జతలుగా ఇస్తే అడ్రసు అదే కట్టుకుంటుంది. మీరు చేత్తో అతికించకండి. తెలుగు అక్షరాలు అడ్రసులోకి నేరుగా వెళ్లవు. 'హైదరాబాద్' అన్న ఒక్క మాటలో, కంప్యూటర్ అక్షరాలకు వాడే యూనికోడ్ సంకేతాలు తొమ్మిది ఉన్నాయి. ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 27. అడ్రసులో ఒక్కో బైటు ముందు శాతం గుర్తు, వెనక రెండక్షరాలు. అంటే మన ఊరి పేరు అడ్రసులో 81 అక్షరాలవుతుంది. ఆ పని రిక్వెస్ట్స్‌కే వదిలేయండి.

ఇప్పుడు నా వల్ల జరిగిన ఒక పొరపాటు చెప్పాలి. శతకాల మీద పరిశోధన చేస్తున్న ఒకమ్మాయి నా దగ్గరికి వచ్చి, "అన్నా, డిజిటల్‌గా దొరికే తెలుగు శతకాలు ఎన్నో ఒక లెక్క కావాలి, థీసిస్‌లో రాయాలి" అని అడిగింది. నేను అరగంటలో స్క్రిప్టు రాసి జాబితా పంపాను. ఆమె దాన్ని అధ్యాయంలో పెట్టింది. గైడుగారు మార్జిన్‌లో పెన్సిల్‌తో రెండే మాటలు రాశారు: "సరిగ్గా వందేనా?"

ఆమె ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపింది. చూడగానే నాకు అర్థమైంది. రోస్ దగ్గర నేనే వంద అని రాశాను. సర్వర్, అంటే అవతలి కంప్యూటర్, వంద ఇచ్చింది. ఆ జవాబు పైభాగంలోనే నమ్‌ఫౌండ్ అని ఒక గడి ఉంటుంది. మొత్తం ఎన్ని దొరికాయో అందులో ఉంటుంది. దాన్ని నేను చదవలేదు. సర్వర్ దాచిందేమీ లేదు. నా తొందరకు ఆ అమ్మాయి గైడు ముందు తలదించుకొని నిలబడాల్సి వచ్చింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే ఎవరికి నేర్పినా మొదట ఇదే చెప్తాను. నమ్‌ఫౌండ్‌ను ముందు ప్రింట్ చేయండి. చివర్లో మీ చేతికి వచ్చిన రికార్డులు లెక్కపెట్టండి. రెండూ కలవకపోతే స్క్రిప్టు అక్కడే ఆగాలి. యాభై, వంద, వెయ్యి, పదివేలు అని లెక్క గుండ్రంగా వచ్చిందంటే అనుమానించండి. పదివేలు ఎందుకన్నానంటే, ఈ పద్ధతిలో పేజీలు తిప్పుకుంటూ పోతే ఆర్కైవ్ పదివేల దగ్గర ఆపేస్తుంది. అంతకు మించి కావాలంటే స్క్రేప్ అనే ఇంకో కిటికీ ఉంది. అది ఒక్కో విడతతో పాటు కర్సర్ అని ఒక టోకెన్ ఇస్తుంది. తర్వాతిసారి ఆ టోకెన్ చూపిస్తే ఆపిన చోటు నుంచి మళ్లీ ఇస్తుంది. టోకెన్ రాకపోతే అయిపోయినట్టు.

పేజీలన్నీ తెచ్చాం. జాబితా పెరిగింది. రెండో రోజు ఆ అమ్మాయి మళ్లీ ఫోన్ చేసింది. "అన్నా, నేను ఆర్కైవ్ నుంచే దించుకొని చదివిన పుస్తకం ఇందులో లేదు" అంది. వెతికాం. పుస్తకం అక్కడే ఉంది. దాని పేరు వేరే స్పెల్లింగ్‌తో ఎక్కించారు.

ఇది కొంచెం నిదానంగా చూద్దాం. శతకము అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలి. 'శ'కు ఎస్ ఒకటే రాస్తారు, లేదా ఎస్ హెచ్ రాస్తారు. 'త'కు టీ ఒకటే, లేదా టీ హెచ్. చివర 'శతకం' అని ఆపేస్తారు, లేదా 'శతకము' అని యూ కలుపుతారు. రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది. ఒక్క మాటకు ఎనిమిది రూపాలు. తెలుగు లిపిలోనే ఎక్కించినవి కూడా ఉంటాయి కాబట్టి 'శతకం', 'శతకము' కలిపితే పది. నేను మొదట అడిగింది అందులో ఒక్కటే. మెషీన్‌కు శతకం అంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసింది అక్షరాల వరుస. మిగతా తొమ్మిది రూపాల్లో ఉన్న పుస్తకాలకు అది ఏ తప్పూ చూపించదు, హెచ్చరికా ఇవ్వదు. ఆ పుస్తకాలను ఇవ్వదు, అంతే. అందుకే సున్నా వచ్చినా పుస్తకం లేనట్టు కాదు.

పదీ రాసి మధ్యలో ఆర్ పెట్టి అడగొచ్చు. లేదా మాట చివర నక్షత్రం పెడితే 'శతకం', 'శతకము' రెండూ ఒకేసారి పడతాయి. బాగానే ఉంది. కానీ తెలుగుకు ఇంకో స్వభావం ఉంది. మనం మాటల్ని కలిపి రాస్తాం. 'వేంకటేశ్వరశతకము' అని అట్ట మీద ఒకే పదంగా ఉంటే, ఎంట్రీ చేసిన మనిషి కూడా ఒకే పదంగానే కొడతాడు. అప్పుడు 'శతకము' అన్నది విడిగా పదమే కాదు. సర్వర్ పదాలుగా విడగొట్టి పెట్టుకున్న సూచికలో అది ఉండదు. పైగా 'వేంకట'లో ఆ సున్నాను ఒకరు ఎన్ అంటారు, ఒకరు ఎమ్ అంటారు. మన సంధులు, సమాసాలు గుర్తుంచుకొని ఆ సూచికలు తయారవ్వలేదు కదా.

అందుకే నేను ఇప్పుడు వేరే దారిలో వెళ్తున్నాను. శతకాల కోసం సర్వర్‌ను అడగను. తెలుగు అని ఉన్న ప్రతి రికార్డు పేరు, రచయిత, సంవత్సరం, గుర్తింపు సంఖ్య మాత్రం మొత్తం తెచ్చుకుంటాను. పుస్తకాలు కాదు, వాటి కార్డులు. అది చిన్న ఫైలే. తర్వాత నా లాప్‌టాప్‌లో, నా భాష తెలిసిన పద్ధతిలో వెతుక్కుంటాను. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే వెతకడానికి రాసే అక్షరాల నమూనా, అంటే భయపడకండి. ఎస్ రాయండి, పక్కన హెచ్ రాసి దానికి ప్రశ్నార్థకం పెట్టండి. 'హెచ్ ఉన్నా సరే, లేకున్నా సరే' అని దానర్థం. తర్వాత ఏ, టీ, మళ్లీ ప్రశ్నార్థకంతో హెచ్, ఏ, కే, ఏ, ఎమ్. ఎనిమిది రూపాలూ ఒక్క లైన్లో పట్టాయి. అతికి ఉన్న మాటలో మధ్య నుంచైనా పట్టుకుంటుంది. మొత్తం కార్డుల పెట్టె మన చేతిలో ఉండటమంటే ఇదే. ఈ ఒక్క పని కోసమే నేను స్క్రిప్టు నేర్చుకోమని అందరినీ బతిమాలుతుంటాను.

తెలుగు లిపిలో ఉన్నవి కూడా కంటికి కనిపించినంత తేలిక కాదు. మన 'హైదరాబాద్'నే తీసుకోండి. 'హై'లో ఉన్న ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగా రాయొచ్చు. ఎత్వం ఒకటి, దాని కింద వచ్చే ఐత్వపు గుర్తు ఒకటి అని రెండు సంకేతాలుగానూ రాయొచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. పైథాన్‌ను పొడవెంత అని అడిగితే ఒకదానికి తొమ్మిది అంటుంది, రెండోదానికి పది అంటుంది. రెండూ సమానమా అంటే కాదంటుంది. పైథాన్‌లోని యూనికోడ్‌డేటా అనే మాడ్యూల్లో నార్మలైజ్ అని ఉంది, ఎన్ఎఫ్‌సీ అనే ఒకే రూపంలోకి మార్చమని చెప్పి రెండువైపులా నడిపించండి. ఒకటైపోతాయి. అలాగే 'ప్రతాప్‌రెడ్డి' లాంటి పేర్లలో 'ప్' తర్వాత కంటికి కనపడని ఒక గుర్తు కూర్చుంటుంది, తర్వాతి అక్షరం దాని కింద వత్తుగా మారకుండా ఆపడానికి. దాన్ని ఎన్ఎఫ్‌సీ తీసేయదు. పోల్చేముందు మనమే తీసేయాలి. ఒరిజినల్‌ను మాత్రం పాడుచేయకండి, పోల్చుకోవడానికి పక్కన ఇంకో కాలమ్ పెట్టుకోండి.

జేసన్ చేతికొచ్చాక చాలామందికి ఎదురయ్యే తప్పు ఒకటి. రచయిత గడిలో ఒక్కరే ఉంటే ఆర్కైవ్ ఆ పేరును మామూలు స్ట్రింగ్‌గా, అంటే అక్షరాల వరుసగా ఇస్తుంది. ఇద్దరుంటే లిస్టుగా ఇస్తుంది. మీరు ఇద్దరున్న పుస్తకం చూసి, లిస్టే కదా అని, అందులో ఒక్కోదాన్నీ తీసుకొనే ఫర్ లూప్ రాస్తారు. ఒక్క రచయిత ఉన్న పుస్తకం దగ్గరికి రాగానే లూప్ ఆ పేరులోని అక్షరాల మీద తిరుగుతుంది. ఎస్ ఒక రచయిత, యూ ఒక రచయిత, ఆర్ ఒక రచయిత. ఎర్రర్ రాదు. అధ్యాయం చివర రచయితల సంఖ్య మాత్రం వేలల్లో తేలుతుంది. కాబట్టి స్ట్రింగ్ వచ్చిందా అని ముందు చూసుకొని, వస్తే దాన్ని లిస్టులో పెట్టుకోండి. రచయిత పేరే తెలియకపోతే ఆ గడి ఖాళీగా కూడా రాదు, అసలు ఉండదు. అందుకని డిక్షనరీలోంచి తీసేటప్పుడు, గడి లేకపోయినా స్క్రిప్టు ఆగిపోకుండా గెట్ వాడండి.

సంవత్సరం గురించి ఒక్క మాట. గుర్తింపు సంఖ్యల్లో 'డీఎల్ఐ డాట్ 2015' అని వరుసగా కనిపిస్తుంది. అది ముద్రణ సంవత్సరం కాదు. డేట్ అనే గడి వేరు. అందులో చాలా పుస్తకాలు జనవరి ఒకటో తేదీనే అచ్చయినట్టు కనిపిస్తాయి. సంవత్సరం మాత్రమే తెలిసినప్పుడు సిస్టమ్ నెలా తేదీ అలా నింపుతుంది. నెల వారీగా గ్రాఫు గీయకండి.

లైబ్రరీ సైన్స్ వాళ్ల కోసం ఇంకో కిటికీ చెప్పాలి. యూనివర్సిటీలు, పరిశోధన సంస్థలు నడిపే రిపాజిటరీలు చాలావరకు డీస్పేస్, ఈప్రింట్స్ అనే సాఫ్ట్‌వేర్లలో ఒకదాని మీద ఉంటాయి. డీస్పేస్‌ను ఎంఐటీ, హెచ్‌పీ కలిసి చేశాయి, 2002లో బయటికి వచ్చింది. అలాంటి రిపాజిటరీలు తమ కార్డుల వివరాలు ఇచ్చే ఓఏఐ-పీఎంహెచ్ అనే ఒప్పందం రెండో వెర్షన్ కూడా 2002దే. అందులో మొత్తం ఆరే క్రియలు. నువ్వెవరు అని అడగడానికి ఐడెంటిఫై. నీ దగ్గర ఏ రూపంలో వివరాలున్నాయి, ఏ విభాగాలున్నాయి అని అడగడానికి రెండు. గుర్తింపు సంఖ్యలు చాలనడానికి ఒకటి, రికార్డులన్నీ ఇమ్మనడానికి ఒకటి, ఫలానా ఒక్కటే చాలనడానికి ఒకటి. రికార్డులు విడతలుగా వస్తాయి, చివర్లో రిజంప్షన్ టోకెన్ ఉంటుంది. ఇందాక చెప్పిన కర్సర్ లాంటిదే. ఇందులో ఫ్రమ్, అన్‌టిల్ అని రెండు తేదీలు ఇవ్వొచ్చు. వాటిని చూసి పొరపడేవాళ్లు చాలామంది. 1930 నుంచి 1940 దాకా అని అడిగితే ఆ కాలపు పుస్తకాలు వస్తాయనుకుంటారు. రావు. ఆ తేదీ పుస్తకానిది కాదు, రిపాజిటరీలో ఆ కార్డును చివరిసారి మార్చినది. పోయిన నెల నుంచి కొత్తగా ఏం చేరాయో మాత్రమే తెచ్చుకోవడానికి అది పనికొస్తుంది. దానికి మాత్రం బంగారం లాంటి సదుపాయం.

ఇక మర్యాద. కౌంటర్లో ఒకేసారి రెండొందల స్లిప్పులు పడేస్తే అటెండరు ఏం చేస్తాడు? వెనక నిలబడ్డవాళ్ల సంగతేమిటి? స్క్రిప్టు సెకనులో అలాంటి పని చేసేస్తుంది, మనకు తెలియకుండానే. చిన్న సంస్థల రిపాజిటరీలు కొన్ని ఒక మామూలు సర్వర్ మీద నడుస్తుంటాయి. మన లూప్ వల్ల అది పడిపోతే ఇంకెక్కడో పరీక్షకు చదువుకుంటున్న పిల్లకు పుస్తకం తెరుచుకోదు. ప్రతి ప్రశ్నకూ మధ్య ఒకటి రెండు సెకన్లు ఆగండి. స్క్రిప్టు తనను తాను పరిచయం చేసుకునే యూజర్ ఏజెంట్ అనే గడి దగ్గర మీరెవరో, ఎందుకు అడుగుతున్నారో, మీ ఈమెయిలూ రాయండి. సర్వర్ నుంచి 429 అనే కోడు వచ్చిందంటే ఎక్కువ అడుగుతున్నావు అని, 503 వస్తే ఇప్పుడు కుదరదు అని. రీట్రై-ఆఫ్టర్ అని ఎన్ని సెకన్లో చెప్తే అన్నీ ఆగండి. వచ్చిన ప్రతి జవాబునూ ముందు ఉన్నదున్నట్టు ఫైలుగా దాచుకోండి, తర్వాతే అందులోంచి ఏరుకోండి. మీ లెక్కలో తప్పు దొరికితే మళ్లీ సర్వర్ దగ్గరికి వెళ్లక్కర్లేదు.

దాచేటప్పుడు రెండు చిక్కులొస్తాయి. జేసన్ ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు యూ, సున్నా, సీ అంటూ కోడ్లు కనిపిస్తాయి. డేటా పాడవలేదు. పైథాన్‌తో జేసన్ రాసేటప్పుడు ఎన్‌ష్యూర్ ఆస్కీ అన్నదాన్ని ఫాల్స్ చేస్తే తెలుగుగా రాస్తుంది. సీఎస్‌వీని, అంటే గడుల మధ్య కామాలు పెట్టిన పట్టిక ఫైలును, ఎక్సెల్‌లో తెరిస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి. రాసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8-సిగ్ అని ఇవ్వండి. ఎంతమంది దీని దగ్గరే విసిగిపోయి వదిలేశారో నేను చూశాను.

వెనక నుంచి మాస్టారు చెయ్యెత్తారు. చెప్పండి సార్. కార్డులో తప్పు కనిపిస్తే మనం దిద్దొచ్చా అంటున్నారు. ఆర్కైవ్‌లో అయితే ఎక్కించినవాళ్లు, అక్కడి సిబ్బంది మాత్రమే దిద్దగలరు. కానీ అకౌంట్ ఉన్న ఎవరైనా ఆ పుస్తకం కింద రివ్యూ రాయొచ్చు. సరైన పేరు, రచయిత, సంవత్సరం తెలుగు లిపిలో అక్కడ రాసిపెడితే తర్వాత వచ్చేవాళ్లకు ఉపయోగపడుతుంది. సార్, దానికి మీలాంటివాళ్లే కావాలి. ముఖపత్రం చూసి ఇది ఎవరి శతకమో, ఏ ఊరి ప్రెస్సులో అచ్చయిందో చెప్పగలిగినవాళ్లు. స్క్రిప్టు కార్డుల్ని మీ ముందు పెట్టగలదు, అంతవరకే.

ఆ అమ్మాయి థీసిస్ గురించి కూడా అడుగుతున్నారు. ఆ వాక్యం ఆమె మార్చి రాసింది. ఇన్ని శతకాలు ఉన్నాయి అని రాయలేదు. ఫలానా తేదీన, ఫలానా రిపాజిటరీలో, తెలుగు అని నమోదైన రికార్డులన్నిటిలో, ఈ పది రూపాలతో వెతికితే ఇన్ని దొరికాయి, ముఖపత్రాలు చూసి ఇన్ని తీసేశాను అని రాసింది. స్క్రిప్టును అనుబంధంలో పెట్టింది. భాష గడిలో సంస్కృతం అని పొరపాటున పడిన తెలుగు శతకాలు ఆ లెక్కలో లేవు, అది కూడా రాసింది. మనం ఇవాళ మొదలుపెట్టేది అక్కడి నుంచే. టెర్మినల్, అంటే ఆదేశాలు టైపు చేసే తెర, తెరవండి. ముందు పదే రికార్డులు అడుగుదాం, నమ్‌ఫౌండ్ ఎంత వచ్చిందో ప్రతి ఒక్కరూ కాగితం మీద రాసుకోండి.